మిత్రులతో ఫ్రెంచి విందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఫ్రాన్సులో చదువుకుంటున్నవారు, ఉద్యోగరీత్యా అక్కడ ఉంటున్నవారు, సెలవులకు ప్యారిస్ వెళ్లబోతున్నవారు ఈ మధ్య రాసిన ఉత్తరాలలో ఒకే సందేహం రకరకాల రూపాలలో కనిపించింది. నలుగురు స్నేహితులు కలిసి ఒక సాయంత్రం బయట భోంచేయాలంటే ఏ రెస్టారెంటుకు వెళ్లాలి, ఏమి చూసి ఎంచుకోవాలి? ఒకదానికొకటి దగ్గరగా ఉన్న ఉత్తరాలను కలిపి, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మేము ఆరుగురు మిత్రులం. కళాశాల విడిచిన పదేళ్లకు ప్యారిస్‌లో కలుసుకుంటున్నాం. ఒక రాత్రి మంచి ఫ్రెంచి భోజనం చేస్తూ తీరుబడిగా మాట్లాడుకోవాలని కోరిక. అక్కడి బోర్డుల మీద బిస్ట్రో, బ్రాసరీ, బుయోన్, రెస్టారెంటు అని వేరువేరు పేర్లు ఉంటాయట. ఇవన్నీ ఒకటేనా? మాకు ఏది తగును?

జవాబు: ఒకటి కావు. ఈ పేర్లను ఇష్టం వచ్చినట్టు తగిలించుకునే యజమానులు ఇప్పుడు చాలామందే ఉన్నా, ఒక్కొక్క పేరు వెనక ఒక్కొక్క తరహా సాయంత్రం ఉంది. మీరు ఎంతసేపు కూర్చోగలరు, ఎంత గట్టిగా నవ్వుకోవచ్చు, జేబుకు ఎంత చిల్లు పడుతుంది అన్న మూడింటినీ ఆ పేరే చాలావరకు తేల్చేస్తుంది. అందువల్ల వంటకాల జాబితా తెరవకముందే ఏ తరహా చోటుకు వెళ్లాలో నిశ్చయించుకోవాలన్నది నా అభిప్రాయం.

బ్రాసరీ అంటే బీరు కాచే చోటు అని అసలు అర్థం. 1870-71 యుద్ధంలో ఓడిన ఫ్రాన్సు అల్సాస్ ప్రాంతాన్ని జర్మనీకి వదులుకోవలసి వచ్చినప్పుడు అక్కడివారు ఎందరో ప్యారిస్‌కు తరలివచ్చారు. వారివెంట బీరూ వచ్చింది, పులియబెట్టిన క్యాబేజీని పంది మాంసంతో కలిపి వడ్డించే షూక్రూత్ కూడా వచ్చింది. బోఫింజే అనే బ్రాసరీ అంతకుముందే 1864లో మొదలయింది. సెంజెర్మేన్ వీధిలోని లిప్ 1880 నాటిది. మోంపర్నాస్‌లోని లా కుపోల్ 1927లో తెరిచారు. ఎత్తైన కప్పు, గోడల నిండా అద్దాలు, ఇత్తడి కడ్డీలు, నడుముకు పొడవాటి తెల్లగుడ్డ కట్టుకున్న సర్వర్లు, వాకిట్లో మంచు మీద పేర్చిన ఆల్చిప్పలు అక్కడి వేషం. ఆరుగురికి బల్ల దొరకడం కష్టం కాదు, వీటిలో చాలావాటిలో రాత్రి పొద్దుపోయేదాకా వంటగది పనిచేస్తూనే ఉంటుంది, ఒకరు ఆలస్యంగా వచ్చినా ఎవరూ మొహం ముడుచుకోరు. లోపం ఏమిటంటే గోల. బల్లకు ఆ చివర ఉన్నవారు చెప్పింది ఈ చివర ఉన్నవారికి వినపడదు.

బిస్ట్రో చిన్నది. ముప్పయి, నలభై కుర్చీలకు మించని గది, గోడకు వేలాడే నల్లపలక మీద సుద్దతో రాసిన ఆనాటి వంటలు, చాలాచోట్ల వండేవారు భర్త, వడ్డించేవారు భార్య, లేదా అటుది ఇటు. 1814లో ప్యారిస్‌లో ప్రవేశించిన రష్యను సైనికులు ‘త్వరగా, త్వరగా’ అనే అర్థంలో ‘బిస్త్రో’ అని అరిచేవారనీ, ఆ కేకే పేరుగా నిలిచిందనీ ఒక కథ ఉంది. కథ బాగానే ఉంది గాని, ఆ మాట అచ్చులో కనిపించేది 1880ల నుంచే కాబట్టి భాషావేత్తలు దానిని నమ్మరు. పైగా మంచి బిస్ట్రోలో ఎవరూ దేనికీ త్వరపడరు. 1992లో ఈవ్ కామ్దబోర్డ్ అనే వంటగాడు ప్యారిస్‌లోని క్రియోన్ అనే ఖరీదైన హోటలు వంటగదిని విడిచి, ఊరి అంచున లా రెగలాడ్ అనే చిన్న బిస్ట్రో తెరిచాడు. పెద్ద వంటగదుల నైపుణ్యాన్ని తక్కువ ధరకు, బల్లగుడ్డలు, వెండి చెంచాల ఆర్భాటం లేకుండా అందించే ఆ పద్ధతిని తరవాత చాలామంది అందుకున్నారు. ఇవాళ ప్యారిస్‌లో డబ్బుకు తగిన భోజనం ఎక్కువగా దొరికేది ఈ రకం చోట్లలోనే.

బుయోన్ అంటే మాంసం ఉడికించిన రసం. తమాషా ఏమిటంటే రెస్టారెంటు అనే మాట కూడా మొదట రసానికే పేరు. నీరసించినవారికి తిరిగి బలమిచ్చే రసాన్ని పద్దెనిమిదో శతాబ్దంలో అలా పిలిచేవారు, తరవాత అది దొరికే చోటుకు ఆ పేరు అంటుకుంది. బుయోన్‌లు మాత్రం పందొమ్మిదో శతాబ్దపు నడుమ ద్యువాల్ అనే మాంసం వర్తకుడు కూలీలకూ గుమాస్తాలకూ చవకగా వేడి భోజనం పెట్టడంతో ఊపందుకున్నాయి. 1896లో మొదలైన షార్తియే ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ సర్వరు మీ లెక్కను బల్ల మీద పరిచిన కాగితం మీదే రాసి కూడతాడు. పరిచయం లేనివారి సరసన కూర్చోబెట్టవచ్చు, వాకిట్లో వరసలో నిలబెట్టవచ్చు, తినగానే బల్ల ఖాళీ చేస్తారని ఆశించవచ్చు. విద్యార్థుల బృందానికి అది దివ్యంగా ఉంటుంది. పదేళ్ల కబుర్లకు మాత్రం అది చోటు కాదు.

వీటికి పైన ఉన్నది గాస్త్రోనొమిక్ అని చెప్పుకునే పెద్ద రెస్టారెంటు. దాని సంగతి మరో ఉత్తరానికి జవాబుగా కింద రాశాను. మీ ఆరుగురికి నేను చెప్పేది ఇది: మంగళ, బుధ, గురువారాలలో ఒకరోజు, రాత్రి ఎనిమిదికి, ఒక బిస్ట్రోలో గది మూలన ఉన్న బల్ల అడగండి. నలభై కుర్చీల గదిలో ఆరు కుర్చీలు చిన్న కోరిక కాదు కాబట్టి పది, పదిహేను రోజుల ముందే అడగాలి. విమానం దిగి నేరుగా వచ్చేవారు మీలో ఉంటే మారు మాట లేకుండా బ్రాసరీకే వెళ్లండి.

ప్రశ్న: మా బృందంలో ఒకరు మాంసం, చేప ముట్టరు. ఒకరు మద్యం తాగరు. ఇంకొకరికి బాదం, అక్రోటు వంటివి పడవు. ఇంతమందికి సరిపడే ఫ్రెంచి రెస్టారెంటు ఉంటుందా, లేక ఆ ఆశ వదులుకుని మరో దేశపు వంట వెతుక్కోవాలా?

జవాబు: వదులుకోనవసరం లేదు గాని, ఎంపికను తలకిందులు చేయాలి. అయిదుగురికి నచ్చినది చూసి ఆరోవారిని సర్దుకోమనడం మామూలుగా జరిగే పని. అందరికన్నా ఎక్కువ పరిమితులు ఉన్న మనిషి కడుపునిండా తినగలిగే చోటును ముందు వెతికితే మిగిలినవారికి ఎలాగూ లోటు ఉండదు.

శాకాహారి విషయంలో చిక్కు పేర్లలోనే ఉంది. ఉల్లిపాయల సూపు అంటే శాకాహారమే అనిపిస్తుంది. దానిని సాధారణంగా గొడ్డు మాంసపు రసంతో కాస్తారు. కీష్ లొరేన్‌లో, లియోన్ సలాడులో పంది మాంసపు ముక్కలు ఉంటాయి. నలిపిన ఆలివుల ముద్ద తపనాద్‌లోను, నీస్ సలాడులోను ఆంచొవీ చేప ఉంటుంది. వేయించిన బంగాళాదుంపలు కొన్ని చోట్ల, ముఖ్యంగా నైరుతి ప్రాంతపు వంటలో, బాతు కొవ్వులో వేగుతాయి. పట్టింపు మరింత ఎక్కువ ఉన్నవారు తెలుసుకోవలసినది ఇంకొకటి: కోంతే, రోక్‌ఫోర్ వంటి సంప్రదాయ చీజులకు పాలను విరిచేది దూడ లేక గొర్రెపిల్ల కడుపు నుంచి తీసిన పదార్థం. చల్లని తీపి వంటకాలు కొన్నిటిలో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. గుమ్మడి, పుట్టగొడుగుల సూపులు, బంగాళాదుంపలనూ మీగడనూ కలిపి ఓవెన్‌లో కాల్చే గ్రతేన్ దోఫినువా, కూరగాయలను కలిపి ఉడికించే రతతూయ్, గుడ్లు తినేవారికి చీజు సూఫ్లే, ఆమ్లెట్టు దొరుకుతాయి. కాని వాటికి వాడిన రసమేమిటో అడగనిదే నిశ్చింత లేదు. ‘వెజెతారియెన్’ అని ఒక్కమాట చెప్పి ఊరుకుంటే చేప తెచ్చి పెట్టిన సందర్భాలు నాకు తెలుసు. ‘ని వియాండ్, ని పువాసోన్’, అంటే మాంసమూ వద్దు చేపా వద్దు అని విడమరిచి చెప్పడమే క్షేమం.

ఇలాంటి బృందానికి నాకు మొదట తోచేది క్రేపరీ. ఫ్రాన్సు వాయవ్య మూలనున్న బ్రిటనీ ప్రాంతం నుంచి వచ్చిన ఈ చోట్లలో నల్లగోధుమ పిండితో పలచగా వేసే గలెట్ మీద ఏమేమి వేయాలో మీరే చెప్పవచ్చు: గుడ్డు, చీజు, పుట్టగొడుగులు, పాలకూర. ‘కోంప్లెత్’ అని రాసిన దానిలో మాత్రం పంది మాంసం ఉంటుంది. నల్లగోధుమకు గోధుమతో చుట్టరికం లేదు గాని, కొన్ని చోట్ల దానిలో గోధుమపిండి కలుపుతారు. గోధుమ పడనివారు అడిగి తెలుసుకోవాలి. క్రేపరీలో ఆచారంగా తాగేది గిన్నెలలో పోసిచ్చే సీద్ర్, అంటే ఆపిల్ రసాన్ని పులియబెట్టిన మద్యం; దానికి బదులు ఆపిల్ రసం కూడా దొరుకుతుంది.

మద్యం తాగనివారికి గ్లాసు విషయంలో ఇబ్బంది లేదు. నిమ్మరసం, చక్కెర, నీళ్లు విడివిడిగా తెచ్చి మన చేతనే కలిపించే సిత్రోన్ ప్రెసే, పుదీనా సిరపులో నీళ్లు కలిపిన మాంత్ అలో ఏ మామూలు చోటనైనా ఇస్తారు. ఎవరూ వింతగా చూడరు. ఇబ్బంది పళ్లెంలో ఉంది. కోడిని వైనులో ఉడికించే కోకోవాన్, గొడ్డు మాంసపు బుర్గిన్యోన్, తెల్ల వైనులో ఉడికే మూల్ అనే నల్లచిప్పలు, వైనుతో కరిగించే చీజు ఫాండ్యూ, రమ్ములో నానబెట్టిన బాబా అనే కేకు అన్నీ మద్యంతో అయినవే. మరిగిస్తే మద్యం మొత్తం ఆవిరైపోతుందని చెప్పే మాట నిజం కాదు. కొంత మిగిలే ఉంటుంది. దానిని పట్టించుకోవాలా వద్దా అన్నది మీ మిత్రుడే తేల్చుకోవాలి గాని, ఆయన తరఫున బల్ల దగ్గరున్నవారు తేల్చకూడదు.

గింజల సంగతి ప్రాణానికి సంబంధించినది. ఐరోపా సమాఖ్య నియమాల ప్రకారం 14 రకాల పదార్థాల గురించి, అంటే గింజలు, వేరుశెనగ, పాలు, గుడ్లు, గోధుమ వంటివి ఏ వంటకంలో ఉన్నాయో, 2014 డిసెంబరు నుంచి రెస్టారెంట్లు కూడా తెలియజేయాలి. ఫ్రాన్సులో ఆ వివరం రాతపూర్వకంగా ఉండాలి, అడిగితే చూపుతారు. తీపి వంటకాలలోనే ప్రమాదం ఎక్కువ: మకరోన్, ఫినాన్సియే, ఫ్రాంజిపాన్ అన్నీ బాదం పిండితోనే అవుతాయి, సలాడు మీద అక్రోటు నూనె చల్లడం కూడా మామూలే. ఈ మూడు విషయాలూ బల్ల దగ్గర కూర్చున్న తరవాత కాకుండా బల్ల కోసం ఫోను చేసినప్పుడే చెప్పండి. అవతలివారు తడబడకుండా జవాబిస్తే అదే మీ రెస్టారెంటు.

ప్రశ్న: ‘మెనూ ఇవ్వండి’ అని అడిగితే సర్వరు మాకు అర్థం కాని ప్రశ్న వేశాడు. ‘ఆంత్రే’ అంటే ప్రధాన వంటకమని ఒక మిత్రుడు, కాదని మరొకరు వాదించుకున్నారు. ఎవరిది నిజం?

జవాబు: ఫ్రాన్సులో అయితే రెండోవారిదే నిజం. అమెరికాలో ఆంత్రే అంటే ప్రధాన వంటకం. ఫ్రాన్సులో మాత్రం భోజనంలోకి ‘ప్రవేశం’, అంటే మొదటి పళ్లెం. తరవాత వచ్చేది ప్లా, చివరిది దెసేర్. చీజు తీసుకుంటే తీపికి ముందు వస్తుంది. కాఫీ తీపితో కాక దాని తరవాత వస్తుంది. కాఫీ ముందే కావాలంటే ప్రత్యేకించి చెప్పవలసిందే.

ఇక సర్వరు మిమ్మల్ని అడిగి ఉంటే అడిగినది, ‘ఏ మెనూ?’ అనే. అక్కడ వంటకాల జాబితాను కార్త్ అంటారు. మెనూ అంటే ఒకే ధరకు ఇచ్చే పూర్తి భోజనం: రెండో మూడో మొదటి పళ్లెలలో ఒకటి, రెండో మూడో ప్రధాన వంటకాలలో ఒకటి, ఒక తీపి. ఫార్మ్యూల్ అన్నది దానికి చిన్న రూపం, సాధారణంగా రెండు పళ్లేలు. మిత్రబృందానికి స్థిరధర మెనూ చాలా మేలు. ఎవరెంత తిన్నారన్న లెక్క రాదు, పళ్లేలు అందరికీ ఒకేసారి వస్తాయి. ఒకరు మూడు పళ్లేలు, పక్కవారు ఒకటే చెప్పినప్పుడు ఒకరు తింటుంటే మరొకరు చూస్తూ కూర్చోవలసి రావడం ఏ కబుర్లనైనా చప్పబరుస్తుంది.

గొడ్డు మాంసం తినేవారికి ఒక హెచ్చరిక. ఎంత కాల్చాలని అడిగినప్పుడు చెప్పే నాలుగు మాటలు బ్లో, సెన్యాన్, అ పువాన్, బియెన్ కుయీ. వీటిలో మొదటిది దాదాపు పచ్చిది, రెండోది లోపల నెత్తురోడేది. మూడోది నడిమి రకమే గాని ఇతర దేశాలవారు అనుకునేదానికన్నా పచ్చిగా ఉంటుంది. బాగా ఉడకాలనుకునేవారు నాలుగోది చెప్పాలి; వంటవాడు నిట్టూరిస్తే నిట్టూర్చనివ్వండి. తార్తార్ అన్నది మాత్రం అసలే వండని మాంసం. అది తెలియక చెప్పి, పళ్లెం వచ్చాక కాల్చి తెమ్మన్న మిత్రుణ్ని నేను చూశాను.

ప్రశ్న: మిత్రురాలి ముప్పయ్యో పుట్టినరోజుకు మిషెలిన్ నక్షత్రం ఉన్న చోటుకే వెళ్లాలని ఇద్దరు పట్టుబడుతున్నారు. మేము మొత్తం ఎనిమిదిమందిమి. అది సరైన ఎంపికేనా?

జవాబు: ఎనిమిదిమందికి అయితే వద్దంటాను. నక్షత్రం దేనికి ఇస్తారో ముందు చూడండి. టైర్ల కంపెనీ అయిన మిషెలిన్ 1900లో కారు యజమానుల కోసం వేసిన ఉచిత పుస్తకమే ఈ నక్షత్రాలిచ్చే గైడు. 1926లో నక్షత్రాలు మొదలయ్యాయి, 1931లో ఒకటి, రెండు, మూడు అనే మెట్లు వచ్చాయి. ఒక నక్షత్రం ఉంటే దారిలో ఆగి తినదగినది, రెండు ఉంటే దారి మళ్లి వెళ్లదగినది, మూడు ఉంటే దానికోసమే ప్రయాణం కట్టదగినది అని వాటి భావం. కారులో తిరిగేవారికి ఎంత చక్కని కొలతో చూడండి. పరీక్షకులు లెక్కలోకి తీసుకునేది పళ్లెంలో ఉన్నదానినే. గది ఎలా ఉంది, కుర్చీ మెత్తగా ఉందా, నవ్వుకోవచ్చా అన్నవి ఆ నక్షత్రానికి సంబంధం లేనివి.

అటువంటి చోట్ల చాలావాటిలో ఏడెనిమిది చిన్న పళ్లేలు వరసగా వచ్చే రుచుల మెనూ ఉంటుంది, అది బల్ల మొత్తం ఒకటే తీసుకోవాలని షరతు ఉంటుంది, మూడు గంటలు పడుతుంది. ప్రతి పళ్లెం వచ్చినప్పుడు అందులో ఏముందో ఒకరు వచ్చి వివరిస్తారు. ఇద్దరికీ నలుగురికీ అది గొప్ప అనుభవమే. ఎనిమిదిమంది పుట్టినరోజు బృందం మాత్రం ప్రతిసారీ మాట ఆపి వినవలసి వస్తుంది, పక్కబల్లలవారు మీ నవ్వులకు తలలు తిప్పుతారు. పైగా ఎనిమిదిమందిలో ఇద్దరికి ఆ ఖర్చు బరువైనా బయటికి చెప్పరు.

అదే గైడు 1997 నుంచి బిబ్ గుర్మాన్ అనే మరో గుర్తు ఇస్తోంది. అదుపులో ఉన్న ధరకు మంచి భోజనం పెట్టే చోట్లకు అది. మీ ఎనిమిదిమందికి నేను చూడమనేది ఆ జాబితానే. నక్షత్రం మోజు అప్పటికీ తీరకపోతే మధ్యాహ్నం వెళ్లండి. నక్షత్రాలున్న చోట్ల కూడా పగటి మెనూ రాత్రిదానికన్నా బాగా తక్కువకు రావడం సాధారణం. అన్నట్టు, మీ మిత్రురాలు శాకాహారి అయితే నా మాట కొంచెం మారుతుంది. ప్యారిస్‌లో ఆర్పేజ్ అనే రెస్టారెంటు నడిపే అలేన్ పసార్‌కు 1996లో మూడో నక్షత్రం వచ్చింది. ఆయన 2001లో ఎర్ర మాంసాన్ని జాబితా నుంచి తీసేసి, తన తోటలలో పండిన కూరగాయలనే వంటకు కేంద్రం చేసినా ఆ నక్షత్రాలు పోలేదు. ఫ్రెంచి వంటంటే మాంసమే అనేవారికి చెప్పడానికి పనికివచ్చే సంగతి.

ప్రశ్న: పర్యాటకులు తిరిగే వీధులలో ప్రతి రెస్టారెంటూ ‘అసలైన ఫ్రెంచి వంట’ అనే రాసుకుంటోంది. వాకిట్లో నిలబడి మంచి చెడ్డ కనిపెట్టడం ఎలా?

జవాబు: ఫ్రాన్సులో వంటకాలూ ధరలూ బయట కనిపించేలా పెట్టడం తప్పనిసరి. అందువల్ల లోపలికి అడుగు పెట్టకుండానే మీరు చేయగల పరీక్ష ఒకటుంది: జాబితా పొడవు చూడండి. నలుగురు పనిచేసే వంటగది ఒక పూటకు నాలుగైదు మొదటి పళ్లేలు, అంతే సంఖ్యలో ప్రధాన వంటకాలు తాజాగా చేయగలదు. నలభై వంటకాలు, వాటికి రంగుల ఫొటోలు, ఆరు భాషలలో అనువాదాలు ఉన్నాయంటే చాలావరకు ఎక్కడో వండి, గడ్డకట్టించి పంపినవాటిని అక్కడ వేడిచేస్తున్నారని అనుకోవచ్చు. ఉల్లిపాయల సూపు, నత్తలు, కొవ్వులోనే నెమ్మదిగా ఉడికించిన బాతు కోన్ఫీ, ఫాండ్యూ, పిజ్జా ఒకే కాగితం మీద ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది. ఫాండ్యూ ఆల్ప్స్ కొండల వంట, కోన్ఫీ నైరుతి వంట; ఒకే ఇంట్లో అన్ని ప్రాంతాలూ కొలువుతీరితే ఏ ప్రాంతమూ ఆ ఇంటిది కాదు. వాకిట్లో నిలబడి చేయి పట్టుకున్నంత పనిచేసి పిలిచేవాడు కనిపిస్తే మరేమీ చూడనవసరం లేదు.

ఇంటి కప్పులాంటి మూత ఉన్న గిన్నె బొమ్మ జాబితాలో కనిపిస్తుందేమో కూడా చూడండి. 2014 నుంచి అమలులో ఉన్న ఈ ‘ఫే మెజోన్’ గుర్తు, ఆ వంటకాన్ని పచ్చి సరుకుల నుంచి అక్కడే వండారని చెబుతుంది. బొమ్మ లేనంత మాత్రాన వంట చెడ్డదని కాదు. కొన్ని సరుకులకు నియమంలోనే మినహాయింపులు ఉన్నాయి కాబట్టి ఉన్నంత మాత్రాన అమృతమనీ కాదు.

పేరును చూసి వెళ్లేవారికి లియోన్ నగరపు బుషోన్‌లు మంచి ఉదాహరణ. అవి ఇరుకైన, ఉల్లాసమైన, మిత్రులకోసమే పుట్టాయా అనిపించే చోట్లు. చేపముద్దను మెత్తగా ఉడికించిన కెనెల్, గులాబిరంగు చక్కెర బాదాలతో చేసే తార్త్ అక్కడి పేరున్న వంటలు. కాని జాబితాలో సగం పేగులు, పొట్ట, కాళ్లు వంటి భాగాలతోనే ఉంటుంది. పేగులతో చేసే ఆందుయెత్‌ను మామూలు సాసేజీ అనుకుని చెప్పినవారు దాని వాసనకే వెనక్కు తగ్గుతారు. అలాంటివి ఇష్టపడని మిత్రులు బృందంలో ఉంటే బయటి కాగితాన్ని అందరూ కలిసి చదివాకే లోపలికి వెళ్లండి.

ప్రశ్న: ఏ రోజు, ఏ వేళకు వెళ్లాలి? పదిమందికి బల్ల ముందే చెప్పుకోవాలా?

జవాబు: ఆదివారం రాత్రి, సోమవారం చాలా చోట్లు మూసి ఉంటాయి, ఆగస్టులో రెండు మూడు వారాలపాటు తలుపు మీద సెలవు కాగితం కనిపించడమూ మామూలే. రాత్రి భోజనం ఏడు, ఏడున్నర మధ్య మొదలవుతుంది, పదింటికి చిన్న వంటగదులు పొయ్యి ఆర్పేస్తాయి. ఆరింటికి ఆకలైతే ఏ బ్రాసరీకో వెళ్లాలి. పేరున్న చోట్ల ఒకే బల్లను ఒక రాత్రికి రెండుసార్లు ఇస్తారు, ఏడుకు ఒకరికి, తొమ్మిదిన్నర ప్రాంతంలో మరొకరికి. మొదటివారికి లేచిపోవలసిన వేళ ఉంటుంది, రెండోవారికి ఉండదు. కబుర్లే ప్రధానమనుకునేవారు రెండోదే అడగాలి.

పదిమందికి ముందే చెప్పుకోవడం తప్పనిసరి, అదీ ఫోనులో మాట్లాడి. ఇంటర్నెట్టులో బల్ల ఇచ్చే పద్ధతి చాలాచోట్ల ఆరు లేక ఎనిమిదిమందితో ఆగిపోతుంది. పెద్ద బృందానికి ఒకే మెనూ తీసుకోమని, అందరూ రాకపోతే డబ్బు కోసుకునేందుకు బ్యాంకు కార్డు వివరాలు ఇవ్వమని అడగవచ్చు. అందులో మోసం లేదు. ఒకసారి మేము తొమ్మిదిమందికి బల్ల చెప్పి అయిదుగురం వెళ్లాం. చిన్న బిస్ట్రో అది. ఖాళీ కుర్చీల వంక యజమానురాలు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది, ఆమె ఒక్కమాట అనలేదు గాని.

ప్రశ్న: బిల్లు ఎంతసేపటికీ తేలేదు. మమ్మల్ని పట్టించుకోలేదని కోపం వచ్చింది. టిప్పు ఎంత ఇవ్వాలో కూడా తెలియలేదు.

జవాబు: అడగనిదే బిల్లు తేకపోవడం అక్కడ మర్యాద, తెస్తే లేచిపొమ్మన్నట్టు. ‘లదిస్యోన్, సిల్ వు ప్లే’ అంటే వెంటనే తెస్తారు. జాబితాలో రాసిన ధరలలోనే పన్ను, సేవా రుసుము రెండూ కలిసి ఉంటాయి కాబట్టి టిప్పు తప్పనిసరి కాదు; వడ్డన నచ్చితే కొన్ని నాణేలు బల్ల మీద వదిలి వస్తారు. రొట్టె, కూజాలో ఇచ్చే మామూలు నీళ్లు భోజనంతోపాటు ఉచితం. ఉత్తినే నీళ్లు అంటే సీసా తెచ్చి డబ్బు వేసే చోట్లున్నాయి గనక ‘కరాఫ్ దో’ అని అడగండి. సమంగా పంచుకోవడం మిత్రుల మధ్య ఎక్కువగా కనిపించే పద్ధతి. అయితే మద్యం తాగనివారి మీద ఇతరుల వైను సీసాల ఖర్చు వేయడం న్యాయం కాదు. వైనును విడిగా లెక్కకట్టండి.

ప్రశ్న: మాకు అన్నీ మధ్యలో పెట్టుకుని పంచుకుని తినడం అలవాటు. ఫ్రెంచి రెస్టారెంటులో ఎవరి పళ్లెం వారిదేనట. అలా అయితే స్నేహితులతో వెళ్లి ఏమి సుఖం?

జవాబు: ఎవరి పళ్లెం వారిదే అన్నది చాలావరకు నిజమే, నక్షత్రాల చోట మరీ నిజం. కాని పంచుకోవడానికే పుట్టిన వంటలు ఫ్రెంచి వంటలో తక్కువేమీ కావు. మీరు చోటును కాక వంటకాన్ని ముందు ఎంచుకోవాలి, అంతే. బ్రాసరీలో మంచు మీద అంతస్తులుగా పేర్చి తెచ్చే సముద్రపు చిప్పల పళ్లెం బల్ల నడుమే పెడతారు. బిస్ట్రోలో ఇద్దరికి అని రాసి ఉండే పెద్ద ఎముక మాంసం కోత్ ద బఫ్‌ను కోసి పంచుకుంటారు. మార్సెయ్ వెళ్లేవారికి బుయ్యబేస్ ఉంది. చేపలు వేరుగా, రసం వేరుగా వడ్డించే ఆ వంటకం పేరును ఎవరు పడితే వారు వాడుకోవడం చూసి, అక్కడి రెస్టారెంట్లు కొన్ని 1980లో అందులో ఏమేమి ఉండాలో ఒక ఒప్పందం రాసుకున్నాయి. మంచి చోట్ల దానిని ముందురోజే చెప్పాలి, ఒక్కరికి వండరు.

చలికాలమైతే నేను ఏమాత్రం సందేహించకుండా ఆల్ప్స్ కొండలలోని సవ్వా ప్రాంతపు వంట వండే చోటుకు పంపుతాను. రక్లెత్‌లో చీజును బల్ల మీదే కరిగించి ఉడికిన బంగాళాదుంపల మీద ఒలికించుకుంటారు. ఫాండ్యూలో ఒకే గిన్నె చుట్టూ అందరూ కూర్చుని, పొడవాటి ఫోర్కుకు గుచ్చిన రొట్టెముక్కను కరిగిన చీజులో ముంచుకు తింటారు. ముక్కను గిన్నెలో జారవిడిచినవారు మిగిలినవారు చెప్పిన చిన్న శిక్షకు ఒప్పుకోవాలని వాడుక. గిన్నె ఖాళీ అవుతున్నప్పుడు సర్వరు తీసుకుపోకుండా ఆపండి. అడుగంటి ఎర్రగా కాగిన చీజు పొరను అక్కడివారు రెలిజియూజ్ అంటారు. దానిని గీకి, బల్ల దగ్గర ఎందరుంటే అన్ని ముక్కలు చేసుకోవచ్చు.